395 దారిలో గాలి లెక్క

సియెర్రా నెవాడా కొండలకు తూర్పున, ఉత్తరం నుంచి దక్షిణానికి కొండ పాదాన్నే పట్టుకుని సాగే రహదారి 395. బే ఏరియాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు వేసవిలో యోసెమిటీ చూసుకుని, 9,943 అడుగుల ఎత్తున ఉన్న టియోగా కనుమ దాటి, మోనో సరస్సు దగ్గర ఈ దారిలోకి దిగుతుంటాయి. సరస్సులోని సున్నపురాతి స్తంభాల ముందు ఫొటోలు దిగి చాలామంది వచ్చిన దారినే వెనుదిరుగుతారు. అలా కాక దక్షిణానికి మళ్లితే, మామత్ లేక్స్ దాటాక రోడ్డు ఏకబిగిన కిందికి దిగి, బిషప్ ఊరి దగ్గర ఓవెన్స్ లోయలో పడుతుంది. లోయ అడుగు సముద్రమట్టానికి సుమారు నాలుగు వేల అడుగుల ఎత్తు. పడమట సియెర్రా గోడ. అందులో మౌంట్ విట్నీ 14,505 అడుగులు. తూర్పున వైట్, ఇన్యో కొండల వరస. అందులో వైట్ మౌంటెన్ శిఖరం 14,252 అడుగులు. రెండు పక్కలా పదేసి వేల అడుగుల నిటారు కొండలు, నడుమ ఇరుకైన ఎండు లోయ. ఇక్కడికి వచ్చేవాళ్లు రాయిని చూస్తారు, మంచును చూస్తారు. చూడవలసింది ఇంకొకటి ఉంది, అది గాలి. చిన్న విమానం ఎంత ఎత్తుకు ఎక్కుతుందన్నది ఒక్క ఇంజన్ తేల్చే సంగతి కాదని, పైకి లేచే గాలిని వాడుకోవడం గ్లైడర్లు నడిపేవాళ్ల సరదా విద్య మాత్రమే కాదని, ఇంజన్ ఉన్న ప్రతి చిన్న విమానం పైలట్‌కూ అది మొదటి పాఠాల్లో ఒకటి కావాలని నా వాదన. అందుకు కావలసిన సాక్ష్యం చాలావరకు ఈ ఒక్క దారి పొడవునా దొరుకుతుంది.

ముందు ఇంజన్ సంగతి చూద్దాం. ప్రపంచంలో ఎక్కువమంది విమానం నేర్చుకునేది సెస్నా 172 మీద. అందులో 172ఎస్ రకానికి 180 హార్స్‌పవర్ ఇంజన్, పూర్తి బరువు 1,157 కిలోలు. సముద్రమట్టంలో, 15 డిగ్రీల చల్లని రోజున అది నిమిషానికి 730 అడుగులు ఎక్కుతుందని తయారీదారు పుస్తకం చెబుతుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. ఇంజన్‌కు అందే ఆక్సిజన్ తగ్గుతుంది, ప్రొపెల్లర్ పట్టు తగ్గుతుంది, రెక్కకు పట్టు తగ్గుతుంది. చివరికి 14,000 అడుగుల దగ్గర ఎక్కే వేగం నిమిషానికి వంద అడుగులకు పడిపోతుంది. దాన్నే సర్వీస్ సీలింగ్ అంటారు. విట్నీ, వైట్ మౌంటెన్ రెండూ ఆ గీతకు పైనే ఉన్నాయి. పైగా ఈ అంకెలన్నీ ప్రామాణిక వాతావరణానివి. బిషప్ విమానాశ్రయం 4,124 అడుగుల ఎత్తున ఉంది. వేసవి మధ్యాహ్నం 35 డిగ్రీల ఎండలో అక్కడి రన్‌వే మీద నిలబడ్డ విమానం సుమారు 7,500 అడుగుల ఎత్తున ఉన్నట్టే లెక్క. వేడి గాలి కూడా పలచని గాలే. బయలుదేరకముందే సగం ఎత్తు ఖర్చయిపోయిన విమానం అది. దాన్ని రెండు కొండల నడుమ నడిపేవాడికి పుస్తకంలోని 730 అన్న అంకె పెద్దగా పనికిరాదు.

ఇప్పుడు గాలి ఇచ్చేదాన్ని కూడా అదే కొలతలోకి మార్చి చూడాలి. నిమిషానికి 200 అడుగులంటే సెకనుకు ఒక మీటరు. 1,157 కిలోల బరువును సెకనుకు మీటరు చొప్పున ఎత్తడానికి దాదాపు పదకొండున్నర కిలోవాట్లు, అంటే సుమారు 15 హార్స్‌పవర్ కావాలి. ప్రొపెల్లర్ దగ్గర పోయే నష్టం కలిపితే ఇంజన్ ఇరవై దాకా పెట్టాలి. పన్నెండు వేల అడుగుల ఎత్తున ఆ ఇంజన్ తన పూర్తి బలంలో మూడింట రెండు వంతులు కూడా దాటదు. అందులోనూ పెద్ద వాటా విమానాన్ని పడిపోకుండా నిలబెట్టడానికే సరిపోతుంది. ఎక్కడానికి మిగిలేది నిమిషానికి సుమారు రెండు వందల అడుగులకు సరిపడా బలమే. అక్కడ నిమిషానికి 500 అడుగుల చొప్పున లేస్తున్న గాలి తగిలితే, ఇంజన్ మిగులుకు రెండున్నర రెట్లు ఉచితంగా చేతికొచ్చినట్టు. అదే 500 అడుగుల చొప్పున దిగుతున్న గాలిలో పడితే, పూర్తి థ్రాటిల్ మీద ఉన్నా విమానం నిమిషానికి మూడు వందల అడుగులు కిందికి పోతుంది. కింద మైదానంలో ఇంజన్ మిగులు పెద్దది, గాలి చలనం దాని ముందు చిన్నది. కొండల ఎత్తున ఆ వరస తిరగబడుతుంది. నా వాదనకు మూలం ఈ తిరగబడడమే.

ఓవెన్స్ లోయలో గాలి మూడు తీరుల్లో లేస్తుంది. మొదటిది థర్మల్. ఎండకు కాగిన నేల తన మీది గాలిని వేడెక్కిస్తుంది, తేలికైన ఆ గాలి పైకి లేస్తుంది. రోహిణి కార్తెలో బీడు భూముల మీద లేచే సుడిగాలి, రెక్క ఆడించకుండా గిరికీలు కొడుతూ ఎత్తుకు పోయే గద్ద తెలుగునాట అందరికీ తెలిసినవే. రెండూ థర్మల్ ఉన్న చోటును పట్టిచ్చేవే. రెండోది రిడ్జ్ లిఫ్ట్. గాలి కొండకు ఎదురుగా వచ్చి కొట్టుకుని, పోవడానికి మరో దారి లేక వాలు వెంట పైకి ఎక్కుతుంది. ఈ రెండూ కలిసి లోయకు ఒక దినచర్య ఏర్పరుస్తాయి. పొద్దుటి ఎండ సియెర్రా తూర్పు వాలు మీద పడుతుంది కాబట్టి గాలి ముందు అక్కడ లేస్తుంది. మధ్యాహ్నం దాటాక ఎండ వైట్, ఇన్యో కొండల పడమటి వాలుకు మారుతుంది, దానితోపాటు లేచే గాలీ మారుతుంది. లోన్ పైన్ ఊరి దగ్గర కొండ మీద ఉన్న వాల్ట్స్ పాయింట్ నుంచి దూకే హ్యాంగ్ గ్లైడర్ పైలట్లు ఈ దినచర్యను అనుసరించే ఎగురుతారు. మొదట సియెర్రా అంచున ఉత్తరానికి పోయి, వేళ చూసుకుని లోయ దాటి తూర్పు కొండలకు మారతారు. ఇంజన్ లేనివాడు ఇంత జాగ్రత్తగా పక్క ఎంచుకుంటుంటే, ఇంజన్ ఉన్నవాడు కింద కనబడే 395 రోడ్డును పట్టుకుని పోతుంటాడు. దారి తప్పకుండా ఉండటానికి రోడ్డు మంచిదే. అయితే గట్టి పడమటి గాలి ఉన్న రోజున ఆ రోడ్డులో చాలా భాగం సియెర్రా చాటున, గాలి కిందికి జారే చోట ఉంటుంది. లోయకు ఆ పక్కన, గాలి తూర్పు కొండలకు కొట్టుకుని ఎక్కే చోట, అదే విమానం అదే ఇంజన్‌తో సులువుగా ఎక్కగలదు.

మూడోది ఈ లోయకు పేరు తెచ్చిన వేవ్. పంటకాలువ అడుగున బండరాయి ఉంటే, నీరు రాయి దాటాక పైన ఒక అల లేచి కదలకుండా అక్కడే నిలబడుతుంది, నీరు మాత్రం దాని గుండా పరుగెడుతూనే ఉంటుంది. స్థిరమైన గాలి పొరలు సియెర్రా శిఖరాల మీదుగా బలంగా వీచినప్పుడు జరిగేది ఇదే. పడమటి వైపు మెల్లగా ఎక్కిన గాలి, తూర్పున నిట్రంగా ఉన్న వాలు మీదుగా లోయలోకి దూకి, తిరిగి పైకి లేస్తుంది. ఆ లేచే భాగం కొండ ఎత్తుకు మూడు రెట్లు పైదాకా కూడా పోగలదు. అల కొనల దగ్గర కటకం ఆకారపు మబ్బులు గంటల తరబడి ఒకే చోట నిలిచి ఉంటాయి. జర్మనీలో 1930లలో ఈ అలల్ని గ్లైడర్‌తో స్వయంగా ఎగిరి పరిశోధించిన యోఆఖిమ్ క్యుట్నర్, 1950లలో ఇక్కడి సియెర్రా వేవ్ ప్రాజెక్టులో పనిచేశాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వాతావరణ శాస్త్రవేత్తలు, వైమానిక దళం, స్థానిక గ్లైడర్ పైలట్లు బిషప్ కేంద్రంగా కలిసి చేసిన పని అది. 1952లో లారీ ఎడ్గర్, హెరాల్డ్ క్లీఫోర్త్ ఇద్దరు కూర్చునే గ్లైడర్‌లో 44,255 అడుగులకు చేరారు. 1961 ఫిబ్రవరి 25న పాల్ బికిల్ దక్షిణాన లాంకాస్టర్ నుంచి బయలుదేరి, ఆక్సిజన్ మాస్క్ తప్ప వేరే రక్షణ లేని మామూలు గ్లైడర్‌లో 46,267 అడుగులు అందుకున్నాడు. లాగిన విమానం నుంచి విడివడ్డాక అతను తాకిన అతితక్కువ ఎత్తు నుంచి లెక్కిస్తే, ఒక్క గాలి ఆసరాతో ఎక్కింది 42,303 అడుగులు. అలా ఎక్కిన ఎత్తులో ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు.

ఇదంతా గ్లైడర్ల కథ, బరువైన ఇంజన్ విమానానికి ఇందులో ఏం పని అన్నది మొదటి ఆక్షేపణ. అందులో కొంత నిజముంది. మంచి గ్లైడర్ నిశ్చలమైన గాలిలో నిమిషానికి నూటపాతిక అడుగులకు అటూఇటూగా మాత్రమే దిగుతుంది. ఇంజన్ ఆపిన 172 ఏడు వందలకు పైగా దిగుతుంది. థర్మల్‌లో తిరగడానికి కూడా అది అంత అనువైనది కాదు. యాభై నాట్ల వేగంతో 45 డిగ్రీలు ఒరిగి తిరిగే గ్లైడర్‌కు డెబ్బై మీటర్ల లోపు వ్యాసార్థం చాలు. డెబ్బై అయిదు నాట్లతో 30 డిగ్రీలు ఒరిగే 172కు రెండు వందల అరవై మీటర్లు కావాలి. సన్నని థర్మల్ నడిమి భాగం ఆ చుట్టులో ఇమడదు. కానీ దీనివల్ల తేలేది ఏ రకం గాలిని వాడుకోవాలన్నదే, అసలు వాడుకోవద్దని కాదు. కొండ వాలు వెంట లేచే గాలి, వేవ్ ముందుభాగం మైళ్ల పొడవునా బారులుగా ఉంటాయి. వాటిలో గిరికీలు కొట్టనక్కర్లేదు, తిన్నగా వాటి వెంటే పోవచ్చు. ఇంజన్ నడుస్తున్న విమానానికి దిగుడు లెక్క కూడా లేదు. గాలి ఎంత లేస్తే అంతా నికరంగా కలుస్తుంది. దీనికి ఈ లోయలోనే సాక్షి ఉన్నాడు. బిషప్ పైలట్ రాబర్ట్ సైమన్స్, యుద్ధకాలపు రెండింజన్ల పి-38 విమానంలో వేవ్‌లోకి వెళ్లి, రెండు ఇంజన్లూ ఆపేసి, గాలి ఆసరాతోనే ఎత్తు పెరిగాడు. అందరూ చేయవలసిన పని కాదది. అంత బరువైన యంత్రాన్ని ఎత్తిన గాలికి సెస్నా ఒక లెక్కా అన్న సంగతి మాత్రం దానితో తేలిపోయింది.

వాడుకునే పద్ధతి వినడానికి తేలిక, చేయడానికి మనసుకు విరుద్ధం. లేచే గాలిలో వేగం తగ్గించి ఎక్కువసేపు ఉండాలి. దిగే గాలిలో వేగం పెంచి త్వరగా బయటపడాలి. పాల్ మెక్‌క్రెడీ దీన్ని గణితంగా స్థిరపరిచి, ఎక్కే దిగే వేగాన్ని చూపే యంత్రం చుట్టూ తిప్పుకునే ఒక రింగుగా అమర్చాడు. 1956లో ప్రపంచ గ్లైడింగ్ ఛాంపియన్ అయినవాడు, తర్వాత 1977లో మనిషి కండబలంతో ఎగిరే గోసమర్ కాండర్ తయారుచేసినవాడు ఆయనే. ఇంజన్ మీదే పెరిగిన పైలట్ అలవాటు దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఎత్తు పడిపోతోందని కనబడగానే ముక్కు పైకి ఎత్తుతాడు. వేగం తగ్గుతుంది, తగ్గినందువల్ల దిగే గాలిలో మరికాస్త ఎక్కువసేపు ఉండిపోతాడు, మరికాస్త ఎత్తు పోతుంది. తప్పు చేతిది కాదు, ఎత్తు పెరగడానికీ తరగడానికీ కారణం విమానమేనన్న నమ్మకానిది. గాలిని లెక్కలోకి తీసుకున్నవాడికి అదే క్షణంలో మరో ప్రశ్న తోస్తుంది: ఇక్కడ గాలి దిగుతోందంటే అది లేచేది ఎటుపక్క? ఆ ప్రశ్న తోచినవాడు పక్కకు తిప్పుతాడు, తోచనివాడు ముక్కు ఎత్తుతాడు.

రెండో ఆక్షేపణ నమ్మకానికి సంబంధించింది. గాలి కంటికి కనబడదు, ఇప్పుడు ఉన్నది పది నిమిషాల తర్వాత ఉండకపోవచ్చు, అటువంటిదాని మీద ప్రాణం ఎలా పెడతాం? కనబడదన్న మాట పూర్తిగా నిజం కాదు. కటకం ఆకారపు మబ్బు, సుడిగాలి, గద్ద, నీటిమీద ముడతలు, ఊరి పొగ వాలిన వైపు, ఇవన్నీ గాలి రాతలే. లోన్ పైన్‌కు దక్షిణాన ఓవెన్స్ సరస్సు ఉండేది. 1913లో లాస్ ఏంజెలెస్ కాలువ ఈ లోయ నీళ్లను మళ్లించుకోవడంతో అది ఎండి ఉప్పుమన్ను అయింది. గాలిరోజుల్లో అక్కడి నుంచి లేచే దుమ్ము స్థానికులకు పెద్ద బెడద అయింది. లోయలో దుమ్ము వేవ్‌తో కలిసి నిలువు గోడలా లేచిన దృశ్యాన్ని సైమన్స్ 1950లో విమానం నుంచి ఫొటో తీశాడు. వాతావరణ శాస్త్రంలో ఎంతో పేరుపొందిన ఛాయాచిత్రం అది. ఇక నమ్మకం సంగతి. లేచే గాలిని నమ్ముకుని కొండ దాటమని నేను అనడం లేదు. ఇంజన్ బలం ఒక్కదానితో దాటలేని కనుమను గాలి దాటిస్తుందన్న ఆశతో ఎదుర్కోవడం అవివేకం. దారి ఇంజన్ లెక్కతోనే వేసుకోవాలి. గాలి ఇచ్చినదాన్ని మిగులుగా దాచుకోవాలి. అయితే దిగే గాలి విషయంలో ఈ సందేహం పనికిరాదు. అది ఉండకపోవచ్చు కదా అని ఏ పైలటూ పందెం కట్టకూడదు. లేచే గాలిని అనుమానించు, దిగే గాలిని ఖాయం చేసుకో అన్నదే సూత్రం. రెండింటికీ కావలసిన జ్ఞానం మాత్రం ఒకటే.

మూడో ఆక్షేపణ ప్రమాదం గురించి. కొండల వేవ్ కింద రోటర్ ఉంటుంది. నేలకు దగ్గరగా అడ్డంగా దొర్లే అల్లకల్లోలపు గాలి అది. 1955లో సియెర్రా పరిశోధనల్లోనే ఎడ్గర్ నడుపుతున్న గ్లైడర్ రోటర్‌లో చిక్కి ముక్కలైంది. అతను పారాచూట్‌తో బతికి బయటపడ్డాడు. 1966లో జపాన్‌లోని ఫుజి పర్వతం చాటున అటువంటి గాలిలో చిక్కి బోయింగ్ 707 ఒకటి గాల్లోనే విరిగిపోయింది. 124 మంది చనిపోయారు. ఇంత చరిత్ర ఉన్నదాని దగ్గరికి చిన్న విమానాన్ని పంపాలా అని అడగడం న్యాయమే. కానీ దూరంగా ఉండటానికి కూడా అది ఎక్కడ ఉంటుందో తెలియాలి. వేవ్‌లో లేచే భాగం, దిగే భాగం, రోటర్ ఒకే అమరికకు మూడు అంగాలు. ఒకదాని చోటు తెలిస్తే మిగతా రెండింటి చోటూ తెలుస్తుంది. లేచే గాలి గురించి తెలుసుకోనని భీష్మించినవాడు రోటర్ నుంచి తప్పించుకున్నట్టు కాదు, దాన్ని చూడకుండా దాటడానికి సిద్ధపడ్డట్టు. కొండ శిఖరాల దగ్గర గాలి ఇరవై అయిదు నాట్లు దాటిన రోజున, రోటర్ మబ్బు కనబడుతున్న రోజున, చిన్న విమానం నేల మీదే ఉండటం మేలు. ఆ నిర్ణయం కూడా గాలిని చదివితేనే తెలిసేది.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ ఒకటి మిగిలింది. స్టీవ్ ఫాసెట్‌కు గాలి గురించి తెలియనిది ఏముంది? 2006 ఆగస్టు 29న ఐనార్ ఎనెవోల్డ్‌సన్‌తో కలిసి, అర్జెంటీనాలోని ఎల్ కలఫాతే దగ్గర ఆండీస్ వేవ్‌లో ఇంజన్ లేని గ్లైడర్‌తో 50,727 అడుగులు ఎక్కినవాడు ఆయన. ఏడాది తర్వాత, 2007 సెప్టెంబరు 3న, నెవాడాలోని ఒక పశువుల క్షేత్రం నుంచి ఇంజన్ ఉన్న రెండు సీట్ల చిన్న విమానంలో ఒంటరిగా బయలుదేరి తిరిగి రాలేదు. మరుసటి ఏడాది విమాన శకలాలు మామత్ లేక్స్ దగ్గరి సియెర్రా కొండల్లో, సుమారు పదివేల అడుగుల ఎత్తున దొరికాయి. విమానం ఎక్కే శక్తిని మించిన దిగుడు గాలిలో అనుకోకుండా చిక్కుకోవడమే బహుశా కారణమని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. పలచని గాలిని, కొండల నేలను కూడా కారణాల్లో చేర్చింది. తెలిసినవాడికే ఇలా జరిగితే తెలుసుకుని లాభమేమిటి అని దీన్నిబట్టి వాదించవచ్చు. నాకు ఇది నా వాదనను బలపరిచే సాక్ష్యంగానే కనబడుతుంది. యాభై వేల అడుగుల దాకా ఎక్కినప్పుడు ఆయన దగ్గర ఇంజనే లేదు. కొండల్లో ఎక్కలేకపోయినప్పుడు ఇంజన్ ఉంది. మనిషి ఒకడే. తేడా గాలి నిలువుగా ఏ దిక్కున పోతోందన్నదే. ఎత్తు ఇచ్చేదీ తీసుకునేదీ ప్రధానంగా గాలే అన్న మాటకు ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. జ్ఞానం గాలిని మార్చలేదు, యంత్రానికి లేని బలం తెచ్చిపెట్టలేదు. అది చేయగలిగింది ఒకటే. బలం చాలని చోటికి చేరకముందే ఎత్తును, దూరాన్ని, పల్లానికి తిరిగే దారిని మిగిల్చి ఉంచుతుంది. శిఖరానికి కనీసం వెయ్యి అడుగులు, గాలి రోజున రెండు వేలు పైన ఉండాలని, కొండ గట్టును తిన్నగా కాక 45 డిగ్రీల ఏటవాలుగా సమీపించి వెనుదిరిగే వీలు ఉంచుకోవాలని కొండల్లో విమానం నేర్పేవాళ్లు చెప్పేది ఈ మిగులు కోసమే. ఎంతటి నేర్పరికైనా మినహాయింపు లేని నియమాలివి.

అయినా అమెరికాలో కొండల మీద ఎగరడానికి వేరే అనుమతి అక్కర్లేదు. మైదానంలో నేర్చుకుని లైసెన్సు పుచ్చుకున్నవాడు నేరుగా బిషప్‌కు రావచ్చు. ఆక్సిజన్ గురించి చట్టం కచ్చితంగా ఉంది: 12,500 అడుగులు దాటి అరగంటకు మించి ఉన్నా, 14,000 దాటినా పైలట్ ఆక్సిజన్ పీల్చాలి. 18,000 అడుగులు దాటితే నియంత్రణ కేంద్రం అనుమతి లేకుండా పోకూడదు. గాలి నిలువు కదలిక గురించి ఇంత కచ్చితమైన శిక్షణ అవసరమని మాత్రం ఎవరూ పట్టుబట్టడం లేదు. కొలరాడోలోని వైమానిక దళ అకాడమీ తన క్యాడెట్లకు గ్లైడర్ శిక్షణ ఇస్తోంది. యుద్ధవిమానాలకు ఇంజన్ బలం కొదవైనందుకు కాదది. ఇంజన్ లేనప్పుడే గాలి స్పష్టంగా తెలుస్తుంది. పౌర పైలట్‌కు కూడా లైసెన్సుకు ముందు కొన్ని గంటల గ్లైడర్ పాఠం తప్పనిసరి చేస్తే ఖర్చు పెరుగుతుంది, ఊరూరా గ్లైడర్ క్లబ్బు ఉండదు కూడా. ఆ ఇబ్బందులు నిజమే కాబట్టి, కనీసం కొండ ప్రాంతాల వరకైనా ఆ నియమం పెట్టాలి. దానికి ఓవెన్స్ లోయకన్నా తగిన బడి దొరకదు. 172 సీలింగ్ కన్నా ఎత్తైన శిఖరాలు రెండు పక్కలా ఉన్న చోట, ఎక్కడమంటే థ్రాటిల్ ముందుకు నెట్టడమేనని నేర్చుకుని రావడం సగం చదువుతో రావడమే.